బాబ్జీ అంకుల్ పెరట్లో దాచిన వేడి

మీరు బాబ్జీ అంకుల్‌ని కలవాలి. ఊరికే అనట్లేదు, తప్పకుండా కలవాలి. సింగపూర్‌లో సెంబవాంగ్ వైపు ఏదో ఒక పని పెట్టుకుని సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి, తలుపు తీసే ఉంటుంది. ఎందుకు తీసి ఉంటుందో చెప్పడానికే ఇదంతా టైప్ చేస్తున్నా.

నేను ఆయన్ని మొదట చూసింది తిండి కొట్లుండే ఒక హాకర్ సెంటర్‌లో. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, ప్లేట్ తెచ్చుకోడానికి వెళ్ళాను. ఇక్కడ ప్యాకెట్ పెడితే ఆ టేబుల్ మనదే, ఎవరూ ముట్టుకోరు. నేను తిరిగొచ్చేసరికి తెల్లజుట్టు పెద్దాయన ఒకరు నా ప్యాకెట్లోంచి టిష్యూ లాగి, నా కుర్చీ ఎక్కి, పైనున్న ఎగ్జాస్ట్ జాలీ దగ్గర పట్టుకుని చూస్తున్నారు. గాలి లాగుతుంటే టిష్యూ జాలీకి అతుక్కోవాలి. అదేమో చచ్చిన చేపలా వేలాడుతోంది.

"చూడు, లోపల బెల్టు జారింది. ఆర్నెల్లు అయ్యుంటుంది, ఒక్కడూ చూళ్ళేదు," అని తెలుగులో తనలో తాను అనుకుంటున్నారు.

"అంకుల్, అది నా కుర్చీ," అన్నాను, తెలుగులోనే.

కిందకి చూశారు. ఏ తొట్రుపాటూ లేదు. "తెలుగమ్మాయివా? మరి ముందే చెప్పొద్దూ, రెండు టిష్యూలు తీసుకునేవాణ్ణి," అన్నారు.

అలా పరిచయం. నేను బిల్డింగులకి ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేసే ఆఫీసులో పనిచేస్తాను అని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఎందుకంటే ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు డక్ట్ మేన్. అంటే రేకు కత్తిరించి, మడిచి, బిల్డింగుల్లో గాలి వెళ్ళే గొట్టాలు చేసి బిగించే మనిషి. మేం కంప్యూటర్లో గీసేది ఆయన చేత్తో చేసేవారు. హోటళ్ళు, ఆస్పత్రులు, షాపింగ్ మాల్స్. ఆయనతో ఎక్కడికైనా వెళ్తే పైకప్పు చూస్తూ నడుస్తారు. ఒకసారి ఒక పెద్ద హోటల్ లాబీలో మెడ ఎత్తి, "ఆ మూల వంపు నాది. పక్కది చూడు, ఎవడో తొందరపడ్డాడు," అన్నారు.

వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. నాన్న నేవల్ బేస్‌లో పని. ఆ నాన్న కొన్న చిన్న ఒంటి అంతస్తు టెర్రస్ ఇంట్లోనే, గోడకి గోడ కలిసిన వరస ఇళ్ళలో ఒకటి, అంకుల్ ఇప్పటికీ ఉంటారు. మాటల్లో మలయ్ భాష కలుస్తుంది. ఏదైనా చెయ్యొచ్చా అని అడిగితే "బొలె, బొలె" అంటారు, అంటే అవుతుందిలే అని. ఆయన ఆ మాట అనని రోజు నేను మొన్నమొన్నటి దాకా చూళ్ళేదు.

ఆంటీ పేరు వరలక్ష్మమ్మ. అంకుల్ "వరాలు" అంటారు. ఆవిడకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. మందులు దాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తాయి తప్ప వెనక్కి తిప్పలేవు. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆవిడ హాల్లో మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుని, రెండు మాటలకొకసారి ఆగుతూ, "ఏం తింటావమ్మా" అని అడిగారు. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ ఎనభై తొమ్మిది చూపిస్తోంది. మనలాంటి వాళ్ళకి తొంభై ఆరు, తొంభై ఏడు ఉంటుంది.

ఆవిడకి కావలసింది గాలి. ఏసీ పడదు. ఆ చల్లటి పొడి గాలి మొహానికి తగిలితే దగ్గు మొదలై గంట వదలదు. పైగా మామూలు ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, కొత్త గాలి ఇవ్వదు. కిటికీ తీస్తే వేడి, తేమ. చైనావాళ్ళ ఏడో నెల వచ్చిందంటే చుట్టుపక్కల పితృదేవతల పేరు మీద కాగితాలు తగలబెట్టే పొగ. డాక్టరేమో కొత్త గాలి ఉండాలి, వడగట్టి ఉండాలి, మరీ చల్లగా వద్దు, తడిగా వద్దు అన్నారు. చెప్పడానికి బాగానే ఉంది. సింగపూర్‌లో అలాంటి గాలి ఆకాశంలో ఎక్కడా లేదు, తయారు చేసుకోవాల్సిందే.

అంకుల్ తయారు చేద్దామనుకున్నారు.

నేనే చెప్పాను ఆయనకి, చలి దేశాల్లో ఇళ్ళకింద మట్టిలో పైపులు పాతి, ఆ మట్టి వేడితో ఇల్లు వెచ్చగా ఉంచుకుంటారని, దాన్నే గాలి మార్చే సిస్టమ్‌కి కూడా కలుపుతారని. ఏదో కాలేజీ ప్రాజెక్ట్ గుర్తొచ్చి ఉత్సాహంగా చెప్పేశాను. ఆయన వారం తర్వాత ఫోన్ చేసి, "అమ్మాయ్, దాన్ని తిరగేస్తే?" అన్నారు.

తిరగేయడం అంటే ఇదీ. హాల్లో ఒక పెట్టె. బయటికెళ్ళే పాత గాలి, లోపలికొచ్చే కొత్త గాలి ఒకదాన్నొకటి తాకకుండా దాంట్లో ఎదురెదురుగా వెళ్తాయి. పాత గాలి తన చల్లదనం, పొడిదనం కొత్త గాలికి అప్పగించి పోతుంది. దాంతో సగానికి పైగా పని అయిపోయినట్టే. మిగతా కాస్త చల్లబరచడానికి ఒక చిన్న హీట్ పంప్. అది గాలిలోంచి లాగిన వేడిని ఫ్యానుతో బయటికి ఊదదు, నీళ్ళలోకి తోస్తుంది. ఆ నీళ్ళు పెరట్లో మట్టికింద నల్ల పైపుల్లో తిరిగి, వేడి మట్టికి వదిలేసి వస్తాయి.

"వరాలు, నీ గదిలో వేడి తీసి పెరట్లో పాతిపెడతాను," అన్నారు అంకుల్.

"పాతిపెట్టినవి మొలుస్తాయండి," అన్నారు ఆంటీ.

వాళ్ళబ్బాయి వివేక్ టాంపినీస్‌లో ఉంటాడు, ప్రతి ఆదివారం భార్యనీ కూతుర్నీ తీసుకుని వస్తాడు. తలపట్టుకున్నాడు. "నాన్నా, మెషీన్ బయటి భాగం ఇంటి పైకప్పు మీద పెట్టించుకోండి, అంతా అదే చేస్తారు."

"ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి వేడీ తీసి రోడ్ల మీదకి తోశాను. ఆ రోడ్ల మీద నడిచేది మళ్ళీ మనమే. మా ఆవిడ వేడి ఒక్కటి మట్టిలో పెడతాను, ఎవరికీ అడ్డం రాదు."

మొండితనం అనుకోండి. కానీ మొండిగా చేసినా గుడ్డిగా చెయ్యలేదు, అది చెప్పాలి. అసలు కష్టం ఆయనకి మొదటి రోజే తెలుసు. చలి దేశంలో మట్టికి రెండు పనులు. ఎండాకాలం వేడి పుచ్చుకుంటుంది, చలికాలం తిరిగి ఇచ్చేస్తుంది, మళ్ళీ ఖాళీ అవుతుంది. ఇక్కడ చలికాలం ఎక్కడిది? ఏడాది పొడుగునా పెట్టేవాళ్ళే కానీ తీసేవాళ్ళు లేరు. మట్టి తనంతట తాను నెమ్మదిగా పక్కలకీ పైకీ వదులుకోవాలి.

"అంటే రోజుకి మట్టి ఎంత అరిగించుకుంటుందో అంతే తినిపించాలి," అన్నారు.

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్నారు, నేను కంప్యూటర్‌లో చూశాను, ఇద్దరికీ ఒకటే వచ్చింది. ఆ పెరడు రోజుకి పది అరిగించుకోగలదనుకుంటే, ఒక్క హాలు నుంచి మనం పెట్టేది తొమ్మిది. ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటి చూసుకునే ఇద్దరం సంబరపడిపోయాం.

పర్మిషన్ కాగితాల కోసం ఆయనే తిరిగారు. సందులో మెషీన్ పట్టక చేత్తో తవ్వించారు, తొమ్మిది రోజులు. కరివేపాకు చెట్టు తీసేశారు, పాండాన్ పొద తీసేశారు. పైన ఎర్రమట్టి, కింద బూడిద రంగు జిగురుమట్టి, ఛాతీ లోతు. పైపు చుట్టలు చుట్టలుగా పరిచి, మధ్యలో వేడి కొలిచే తీగ ఒకటి పెట్టి పూడ్చారు. ఆ రోజు మట్టి వేడి ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది. డక్టులు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అరవై ఏడేళ్ళ మనిషి, హాల్లో చాప వేసుకుని రేకు కత్తిరించి, మడతలు కొట్టి, చెవి ఆనించి వేలితో తట్టి విని, మళ్ళీ విప్పి మళ్ళీ మడిచారు.

"ఊరందరికీ చేశారు, మనింటికి చెయ్యడానికి నాకు జబ్బు రావాల్సొచ్చింది," అన్నారు ఆంటీ మంచం మీద నుంచి.

"నీకు జబ్బు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది మరి, నేనేం చెయ్యను," అన్నారు ఆయన, నోట్లో స్క్రూ పెట్టుకుని.

అక్టోబర్‌లో ఆన్ చేశారు. చప్పుడు దాదాపు లేదు. గది ఇరవై ఆరు దగ్గర నిలబడింది, జిగట లేదు. పది రోజులకి ఆంటీ దగ్గు సగం తగ్గింది. క్లిప్ తొంభై ఒకటి, తొంభై రెండు, డిసెంబర్‌కి తొంభై మూడు. జబ్బు తగ్గిందని కాదు, డాక్టర్ అది గట్టిగానే చెప్పారు, ఊపిరితిత్తులు అలాగే ఉన్నాయి, ఊపిరి సులువైంది అంతే అని. కానీ చూసేవాళ్ళకి తేడా తెలిసిపోయేది. రెండు దిండ్లు చాలాయి. కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేవారు. నాకు పెళ్ళి సంబంధాలు చెప్పడం మొదలెట్టారు, దానికి చాలా ఊపిరి కావాలి.

జనవరిలో ఒక రోజు ఆవిడ మంచం దిగి నడిచారు.

మంచం దగ్గర నుంచి వీధి తలుపుకి పదకొండు అడుగులు. మంచం కోడు, టేబుల్ అంచు, కుర్చీ వీపు, గోడ పట్టుకుంటూ వెళ్ళి, తలుపు బార్లా తీసి, గుమ్మం పక్కన దీపం వెలిగించి, మళ్ళీ వచ్చి పడుకున్నారు. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ ఆవిడ చేస్తున్న పని అది. సంధ్యవేళ తలుపు మూసుంటే లక్ష్మి బయటి నుంచే వెళ్ళిపోతుందని అత్తగారు చెప్పారట. దీపం కొండెక్కేదాకా తలుపు ముయ్యకూడదు. జబ్బు ముదిరాక ఏడాదిన్నర ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు లేచి చేశారు. అంకుల్ ఆ రోజు నాకు ఫోన్ చేసి, "నడిచింది, పదకొండూ నడిచింది," అన్నారు.

నేను ఫిబ్రవరి చివర్లో వెళ్ళి మట్టిలో తీగ చెప్పే నంబర్లు లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. జనవరి దాకా ముప్పై ఒకటి దగ్గర బుద్ధిగా ఉంది. తర్వాత ఎక్కడం మొదలెట్టింది. ముప్పై రెండు దాటింది.

"ఎండలు ఎక్కువగా ఉన్నాయేమో," అన్నాను.

అంకుల్ కళ్ళజోడు పైకి తోసి దగ్గరికి వంగారు. "పెద్దది చెయ్యి. ఒక్క రోజు చూపించు."

పెద్దది చేశాను. రోజంతా సన్నగా సాగే గీత. ఒక్క చోట మాత్రం మెట్టు. పక్క రోజు చూశాం, మెట్టు. ఆ పక్క రోజూ మెట్టే. అన్నీ ఒకే టైముకి. ఇక్కడ సంగతి మీకు తెలుసుగా, ఏడాదిలో ఏ నెలైనా పొద్దు ఏడింటికే కుంకుతుంది, అటూ ఇటూ పది నిమిషాలు. అందుకే మెట్టు కూడా గడియారంలా అక్కడే ఉంది.

ఇద్దరం ఒకేసారి గోడగడియారం చూశాం. ఏడు కావడానికి మూడు నిమిషాలుంది. మంచం కిర్రుమంది. ఆంటీ దిగారు. కోడు, టేబుల్, కుర్చీ, గోడ. తలుపు తీశారు. బయటి తడి గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది, నా చేతులకి తగిలింది. మా వెనక హీట్ పంప్ చప్పుడు మారింది, బరువు ఎత్తుకున్నట్టు. ఆ తడంతా మళ్ళీ ఆరబెట్టాలి కదా, అదే దానికి అన్నిటికంటే పెద్ద పని. దీపం గంటా పది నిమిషాలు వెలిగింది. మెషీన్ గంటా పది నిమిషాలు ఆ చప్పుడే చేసింది. అంకుల్ నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

మిగిలిందనుకున్న ఆ ఒక్కటి అక్కడికి పోయింది. పోయి, ఇంకొకటి మీదపడింది. పది అరిగించుకునే మట్టికి పదకొండు తినిపిస్తున్నాం.

ఇందులో నాకిప్పటికీ మింగుడుపడనిది ఏంటంటే, ఆయన అన్నీ రాశారు. మనుషులెంతమంది, బల్బులెన్ని, కుక్కర్ విజిల్స్ ఎన్ని, ఆదివారం వివేక్ వాళ్ళొస్తే ఎంత. సాయంత్రం తలుపు తీయడం రాయలేదు. ఎందుకు రాయలేదు అని అడిగితే, "అది తలుపు తీయడం అనిపించలేదమ్మా. దీపం పెట్టడం అనిపించింది," అన్నారు.

"చెప్పేద్దాం అంకుల్. ఐదు నిమిషాలు తీసి మూసెయ్యమందాం."

పెరట్లో నిలబడి ఉన్నాం అప్పుడు. ఆయన చెప్పుతో మట్టి తడుతూ, "వంట నేను. స్నానం నర్సు. జడ ఆదివారం కోడలు. ఈ ఇంట్లో ఆవిడ చేసే పని ఏం మిగిలిందో చెప్పు," అన్నారు.

మట్టి తట్టడం ఆపి నా వైపు తిరిగారు.

"అది కూడా తీసేసి గాలి ఇస్తానని చెప్పనా?"

చెప్పలేదు. బదులుగా ఏవేవో చేశారు. పెరట్లో రోజూ మట్టిని తడిపారు, తడి మట్టి వేడి తొందరగా వదులుతుందని. కాస్త పనిచేసింది. ఇంకో వరస పైపు వేద్దామంటే చోటు లేదు, పక్కింటి గోడ. తలుపు బయట ప్లాస్టిక్ తెర కట్టారు. ఆంటీ అది చూసి, "ఇదేంటి, మనిల్లు చేపల కొట్టా?" అని పీకించేశారు. మార్చిలో టెక్కా మార్కెట్ దగ్గర షాపుకి వెళ్ళి బొటనవేలంత ప్రమిద కొనుక్కొచ్చారు. ఇరవై నిమిషాల్లో కొండెక్కుతుంది.

నేను ఉన్నాను ఆ సాయంత్రం. ఆంటీ ఆ ప్రమిద అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశారు.

"ఏవండీ, ఇది ఇంట్లో పెట్టేదా, బొమ్మల కొలువులోదా?"

"కొత్త రకం వరాలు. ముద్దుగా ఉందని..."

"పాతదేమైంది?"

"తోమడానికి నానబెట్టాను."

"మూడు రోజుల నుంచా?"

ఆవిడ ఆ బుల్లి దీపానికి నాలుగుసార్లు నూనె పోశారు. నాలుగుసార్లూ లేచి పదకొండు అడుగులూ నడిచారు. తలుపు ఎప్పటికంటే అరగంట ఎక్కువే తీసి ఉంది. అంకుల్ మర్నాడు పాత ప్రమిద తెచ్చి అక్కడ పెట్టేశారు. మట్టి ముప్పై నాలుగు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. వివేక్ కూతురు సరయు, పదమూడేళ్ళది, టేబుల్ మీద తాత ఐప్యాడ్ ఆడిస్తోంది. మట్టి గీత ఇప్పుడు అందులోనే కనిపిస్తుంది, నేనే పెట్టిచ్చాను. ముప్పై ఐదు పాయింట్ ఎనిమిది. ఆ పిల్ల తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే.

"తాతా, వై ద గ్రాఫ్ లైక్ స్టెయిర్స్?"

"ఏదో ఉంటుందిలే. ఇటివ్వు."

"నో, వెయిట్. ఎవ్రీ డే సెవెన్ ఓ క్లాక్. నానమ్మ ఓపెన్ ద డోర్, ఇట్ గోస్ అప్. సో ఈజీ లా. నానమ్మా, యూ క్లోజ్ ద డోర్, ప్రాబ్లమ్ సాల్వ్డ్."

సరయు తలెత్తి అందరి మొహాలూ చూసి, "వాట్?" అంది.

"దానికేం తెలుసు, చిన్నపిల్ల," అన్నారు అంకుల్.

ఆంటీ ఆయన్నే చూస్తున్నారు. "మీకెన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఏది?"

"అదే."

"రెండు నెలలు."

"అందుకా ఆ బుల్లి ప్రమిద," అన్నారు ఆవిడ. కోపం లేదు. చిన్నగా నవ్వు కూడా వచ్చింది, నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

మర్నాడు ఏడయింది. మంచం కిర్రుమనలేదు.

అంకుల్ చెప్పారు తర్వాత, "లెగు, టైమైంది అన్నాను. ఇవాళ ఓపిక లేదులెండి, మీరు లోపలే పెట్టెయ్యండి అంది." తలుపు మూసి, లోపలే దీపం పెట్టారు. మూడు రోజులకి గీతలో మెట్లు పోయాయి. వారానికి మట్టి దిగడం మొదలెట్టింది. పదకొండో రోజుకి ముప్పై నాలుగు పాయింట్ తొమ్మిది. గది ఇరవై ఆరు. క్లిప్ తొంభై మూడు. మేం రాసుకున్నది నూటికి నూరుపాళ్ళు పనిచేస్తోంది. మట్టి కింద పైపులు, గాలి పెట్టె, డక్టులు, అన్నీ. నేను ఆఫీసులో ఆ గ్రాఫ్ చూసి ఆయనకి మెసేజ్ పెట్టాను, అంకుల్ ఇది అద్భుతం అని. ఆయన జవాబివ్వలేదు.

ఆ సాయంత్రం వెళ్తే అర్థమైంది. ఆంటీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మళ్ళీ మూడు దిండ్లు. చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి, వడిలిపోయి. నర్సు వంటింట్లో అంకుల్‌తో మెల్లగా చెప్తోంది, ఆవిడ అసలు కాళ్ళు కింద పెట్టట్లేదు, ఈ జబ్బులో మంచం పడితే కండ కరగడానికి రెండు వారాలు చాలు అని. రోజుకి పదకొండు అడుగులు వెళ్ళి, పదకొండు రావడం. అదొక్కటే ఆవిడ వ్యాయామం అని మాలో ఎవ్వరికీ తట్టలేదు.

"సంబంధం ఏదో చెప్తానన్నారుగా ఆంటీ," అన్నాను.

"చెప్పానుగా మొన్న," అన్నారు. చెప్పలేదు.

పన్నెండో రోజు ఏడింటికి అంకుల్ వెళ్ళి తలుపు తీసేశారు. 

"ముయ్యండి. మట్టి వేడెక్కుతుంది," అన్నారు ఆంటీ.

"ఎక్కనీ."

"అంత కష్టపడి తవ్వించి..."

"నువ్వు లేస్తావని తవ్వించాను. లెగు వరాలు."

లేచారు. మంచం కోడు పట్టుకున్నారు. టేబుల్ అంచు పట్టుకున్నారు. నాలుగో అడుగు దగ్గర కాళ్ళు మడతపడ్డాయి, అంకుల్ పట్టుకున్నారు. మళ్ళీ రెండు రోజులు చూశారు. మూడు అడుగులు. తర్వాత ఆవిడే, "ఇంక చాల్లెండి," అన్నారు.

ఆ తర్వాత ఆయనే రోజూ తీస్తున్నారు. ఆవిడకి మంచం మీద నుంచి దీపం కనిపించేలా కుర్చీ పక్కకి జరిపారు. మే నెల ఎండలు ఎలా ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. మట్టి ముప్పై ఆరు, ముప్పై ఏడు. ఇరవై రెండో తారీఖు ముప్పై ఎనిమిది దాటింది. పైపుల్లోంచి తిరిగొచ్చే నీళ్ళు అంతకంటే వేడిగా వస్తుంటే హీట్ పంప్ తట్టుకోలేక తనంతట తానే ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే పావుగంట నడిచి ఆగింది. మూడోసారి అంకులే స్విచ్ తీసేశారు.

నేను వెళ్ళి కూర్చుని అన్నీ మళ్ళీ వేసి చూశాను. మట్టి మామూలుగా అవ్వాలంటే మెషీన్ ముట్టుకోకుండా ఐదు నెలలు వదిలెయ్యాలి.

"ఐదు," అన్నారు అంకుల్.

"నాలుగున్నర కావచ్చు. వర్షాలు పడితే."

"డాక్టర్ మూడన్నాడమ్మా."

ఆ రోజు ఆయన బొలె అనలేదు.

వివేక్ మనుషుల్ని పిలిపించి పైకప్పు మీద మామూలు ఏసీ పెట్టించాడు. మొహానికి తగలకుండా డక్ట్ తిప్పి అంకులే బిగించారు, చెవి ఆనించి తట్టి చూడకుండా. ఎంత తిప్పినా పొడి గాలి పొడి గాలే. ఆంటీ రెండు రాత్రులు దగ్గి, మూడో రోజు ఆపెయ్యమన్నారు. ఇప్పుడు ఆక్సిజన్ మెషీన్ ఉంది మంచం పక్కన, గుర్రుమంటూ. టేబుల్ ఫ్యాన్ ఉంది. హాల్లో ముప్పై ఒకటి, జిగట. క్లిప్ ఎనభై ఆరు.

మొన్న వెళ్ళినప్పుడు అంకుల్ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. తలుపు పొద్దున్నుంచీ తీసే ఉందట, ఇంక ముయ్యడానికి కారణం లేదుగా అన్నారు. పెరట్లోకి తీసుకెళ్ళారు. మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి మట్టికి ఆనించి, నన్నూ పెట్టమన్నారు. పెట్టాను. పొద్దుపోయి గంటైనా గోరువెచ్చగా ఉంది, మనిషి నుదుటిలా. 

"ఆవిడ హాల్లో వేడే ఇదంతా. పాతిపెట్టినవి మొలుస్తాయంది," అన్నారు.

లోపల్నుంచి ఆంటీ గొంతు, ఆగి ఆగి: "ఏవండీ... దీపం... కొండెక్కింది."

ఆయన లేచి వెళ్ళారు. ప్రమిదలో నూనె నిండా పోసి మళ్ళీ వెలిగించారు. వచ్చి నా పక్కన నిలబడి, ఆవిడకి వినపడకుండా అడిగారు, "ఫిబ్రవరిలోనే చెప్పేసుంటే, ఐదు నిమిషాలు తీసి మూసేసేదంటావా? లేక అప్పుడే మంచం పట్టేదా?"

నాకు తెలీదు. నా దగ్గర గ్రాఫ్ ఉంది, అందులో అది లేదు. చెప్పమన్నది నేను, చెప్పొద్దన్నది ఆయన, చెప్పింది సరయు. మూడూ తప్పే అనిపిస్తోంది ఇప్పుడు. నెల రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది, అందుకే మీకిదంతా రాశాను. ఆ రోజు సాయంత్రం ఆ గీతలో మెట్టు చూసి, ఎదురుగా ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని తలుపు వైపు నడుస్తుంటే, మీరు అంకుల్ స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్ళు?